రాత్రి వేసిన కట్టె తెల్లారేదాకా నిలవాలంటే

అమెరికాలోని వెర్మాంట్‌కి కొత్తగా వచ్చిన ఒక తెలుగు జంట సందేహం: "రాత్రి పదింటికి వుడ్ స్టవ్ (ఇల్లు వెచ్చబరిచే ఇనప కట్టెల పొయ్యి) నిండా కట్టెలు పెట్టి పడుకుంటున్నాం అండీ. రెండింటికల్లా ఆరిపోతోంది. చంటిపిల్లతో టెన్షన్‌గా ఉంది. స్టవ్‌లోకి వెళ్లే గాలి పూర్తిగా మూసేస్తే మంట ఎక్కువసేపు వస్తుందా?"

మూయకండమ్మా. ముందు మీ కట్టెలు ఎండాయో లేదో చూడండి. నా మొదటి చలికాలంలో నేనూ అదే పొరపాటు చేశాను. అక్టోబరులో కట్టెలు కొంటే, అమ్మినాయన బాగా ఎండినవే అన్నాడు. స్టవ్‌లో పెడితే చివర్ల నుంచి నీళ్లు నురగలు కక్కేవి. గాలి మూసి పడుకునేవాణ్ణి. ఫిబ్రవరికి స్టవ్ తలుపు అద్దం నల్లబడింది. చిమ్నీ శుభ్రం చేసేందుకు వచ్చినాయన లోపల తారులా పేరుకున్న పొర చూపించాడు. దాన్నే క్రియోసోట్ అంటారు. అది అంటుకుంటే ఇల్లే పోవచ్చు. అందుకే చిమ్నీని ఏటా చూపించుకోండి.

హార్డ్‌వేర్ షాపులో తేమ మీటర్ దొరుకుతుంది. ఒక కట్టెని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి వైపు గుచ్చండి. పైపైన గుచ్చితే లోపలి తేమ తెలియదు. 20 శాతం లోపు ఉండాలి. ఓక్ చీల్చి పేర్చాక ఎండడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. మేపుల్, బిర్చ్ అయితే ఇంచుమించు ఏడాది. కాబట్టి వచ్చే చలికాలానికి మేపుల్, బిర్చ్ కట్టెలు ఈ వసంతంలోనే, ఓక్ అయితే ఇంకా ముందే కొని, పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. మన తుమ్మ మొద్దు నిప్పు నిలిచినట్టే ఇక్కడ ఓక్ నిలుస్తుంది. పైన్ రాజేయడానికి బాగుంటుంది గానీ రాత్రంతా ఆగదు.

ఇక పడుకునే ముందు పని. దానికి అరగంట, ముప్పావుగంట పెట్టుకోండి. ఎర్రటి నిప్పుల్ని తలుపు వైపుకి లాగి, వెనక లావుపాటి మొద్దులు దగ్గరదగ్గరగా పేర్చండి. సన్నవైతే అన్నీ ఒకేసారి అంటుకుని అయిపోతాయి. స్టవ్‌లోకి గాలిని పెంచే, తగ్గించే మీట తెరిచి మొద్దులు పైన నల్లగా మాడేదాకా మండనివ్వండి. తర్వాత మీటని సగానికి, ఇంకాసేపటికి మరికొంత తగ్గించండి. మన ఊళ్లో మంట తగ్గించాలంటే కట్టె వెనక్కి లాగేవాళ్లం, ఇక్కడ ఆ పని ఈ మీటది. స్టవ్ లోపల పైభాగంలో రంధ్రాలున్న గొట్టాలుంటే వాటి దగ్గర మంట నెమ్మదిగా తేలుతుండాలి. అక్కడ పొగే మండి వేడిగా మారుతుంది. మంట చచ్చిపోయి పొగ నిండితే కాస్త తెరవండి. మీది కాటలిటిక్ స్టవ్ (పొగని మండించే జల్లెడలాంటి భాగం ఉన్నది) అయితే, థర్మామీటర్ ముల్లు సరిపడా వేడి చూపించాకే బైపాస్, అంటే పొగని నేరుగా చిమ్నీలోకి వదిలే దారి, మూయాలి.

ఇంత చేసినా నిలవకపోతే తలుపు సీల్, అంటే అంచు చుట్టూ ఉండే తాడు, చూడండి. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో ఒక డాలర్ నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ తాడు మార్చాలి.

చిన్న స్టవ్‌లో తెల్లారేదాకా మంట ఉండదు. పొద్దున నివురు కింద నిప్పులు మిగిలి, నాలుగు పుల్లలతో మళ్లీ రాజుకుంటే చాలు. అందుకే ఒక అంగుళం బూడిద అడుగున ఉంచేయండి. తీసిన బూడిదని మూతున్న ఇనప బకెట్లో, ఇంటికి దూరంగా నేల మీద పెట్టండి. రోజుల తరబడి అందులో నిప్పు దాగి ఉంటుంది. పాప పడుకునే గది బయట కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం లేకపోతే ఈ రోజే పెట్టించండి.