ఆషాఢం నెల్లోనే ఉంది నీ కథ

ప్రశ్న: అక్కా నమస్తే. మాది రావులపాలెం పక్కన చిన్న ఊరండి, వయసు 27, హైదరాబాద్‌లో సీరియల్స్‌కి అసిస్టెంట్ రైటర్‌గా చేస్తున్నా. మేం నలుగురం కలిసి ఓ సిరీస్ రాసుకుంటున్నాం, ఎనిమిది ఎపిసోడ్లు, అమలాపురంలో జరుగుతుంది. పెళ్లయి నెలలు గడిచినా దగ్గర కాలేకపోతున్న పాతికేళ్ల జంటలకి ఒక కౌన్సెలర్ ఎలా సాయం చేసిందీ అని. నిర్మాతేమో ఎపిసోడ్‌కో జంట, చివర్లో ప్రాబ్లెం క్లియర్, మధ్యలో రెండు హాట్ సీన్లు అంటున్నాడు. మా అమ్మకి డాక్టర్ సీరియల్ అని చెప్పా. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మకి చెప్పింది అబద్ధమేం కాదులే తమ్ముడూ. నిర్మాత లెక్క మాత్రం వద్దు. నలభై నిమిషాల్లో తగ్గే జబ్బు కాదిది, అసలు చాలాసార్లు జబ్బే కాదు, భయం. 1970లో అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అని ఇద్దరు తమ చికిత్సని పుస్తకంగా వేశారు, మొగుడూ పెళ్లాలిద్దర్నీ రెండు వారాల పాటు రోజూ కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లు, ఎదురుగా ఒక మగ థెరపిస్టు, ఒక ఆడ థెరపిస్టు. అందులో మొదటి మందేంటో తెలుసా? నిషేధం! ఇప్పుడప్పుడే కలవొద్దు అని. చెయ్యి పట్టుకోండి, వీపు నిమరండి, ఏది బాగుందో ఏది బాలేదో నోరు తెరిచి చెప్పుకోండి, అంతకు మించి వద్దు. రేపటి పరీక్ష రద్దయిందంటే పిల్లాడి మొహం ఎలా వెలుగుతుందో అలాగన్నమాట. ఇప్పటికీ థెరపిస్టులు అదే పద్ధతిని కాస్త అటూ ఇటూ మార్చి వాడుతున్నారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వాగలేదు, ఎందుకంటే మనకి ఆషాఢం ఉందిగా! కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేస్తాం, అత్తా అల్లుడూ ఒక గుమ్మం దాటకూడదంటాం. మన నిషేధంలో మాటలుండవు, అంతే తేడా. నీ కథ అక్కడ మొదలెట్టు. కార్యం మూడు రాత్రులూ తలుపవతల చుట్టాల గుసగుసలు, పొద్దున్నే పిన్నిగారి ఆరాలు, లోపల ఇద్దరూ కొయ్యబొమ్మల్లా పడుకున్నారు. ఆషాఢం వచ్చింది, అమ్మాయి మలికిపురం వెళ్లిపోయింది, అప్పుడు మొదటిసారి ఫోన్లో మాట్లాడుకున్నారు, రాత్రి రెండింటి దాకా, వానలో కొబ్బరిమట్ట పడిన చప్పుడికి ఆ అమ్మాయి ఉలిక్కిపడి నవ్వితే వాడికి ఆ నవ్వు కొత్త. శ్రావణంలో కౌన్సెలర్ దగ్గరికెళ్తే ఆవిడేమో ఇంకో నెల ఆషాఢం పొడిగించమంటుంది. ఇంట్లో అత్తగారు "విశేషమేమైనా ఉందా" అని అడుగుతుంటే వీళ్లు ఆ సంగతి ఎలా దాస్తారు, కామెడీ అంతా అక్కడే ఉంది చూసుకో. మన గోదారోళ్లం సంక్రాంతికి కొత్తల్లుడికి వంద రకాలు వడ్డించి వీడియో తీస్తాం గానీ "బాబూ, మీరిద్దరూ బాగున్నారా" అని ఒక్కరం అడగం.

ఇలా ఒకటో రెండో జంటల్ని ఎనిమిది ఎపిసోడ్లూ నడుపు. రెండో జంట కావాలంటే గల్ఫ్ ఉంది, రాజోలు వైపు ఇంటికొకరు కువైట్లోనో దుబాయ్‌లోనో ఉంటారు, ముప్పై రోజుల సెలవులో పెళ్లి, వ్రతం, చుట్టాల భోజనాలు పోగా మిగిలిన రోజులెన్నో లెక్కేసుకో. ఇంకో మాట, కొందరమ్మాయిలకి భయంతో కింది కండరాలు వాళ్ల ప్రమేయం లేకుండా బిగుసుకుపోయి నొప్పి వస్తుంది. దానికి వైద్యం ఉంది, ముందు గైనకాలజిస్టు చూడాలి, తర్వాతే కౌన్సెలింగ్. "అదే అలవాటవుద్దిలే" అనే డైలాగు ఏ పాత్రతో అనిపించినా దాన్ని ఖండించే మనిషి ఆ సీన్లోనే ఉండాలి. అమ్మాయి వద్దంటే వద్దనే, తాళి కట్టినవాడికైనా సరే, ఈ మాట కూడా కథలో ఉండాలి.

హాట్ సీన్ల సంగతా, దగ్గరి సీన్ ఏదున్నా ఇంటిమసీ కోఆర్డినేటర్ని పెట్టుకోండి, ఎవరి చెయ్యి ఎక్కడిదాకా అన్నది ముందే నటీనటులతో మాట్లాడి ఫైట్ మాస్టర్ ఫైట్ కట్టినట్టు కడతారు. అమెరికాలో హెచ్‌బీఓ అనే టీవీ ఛానెల్ వాళ్లు 2018 నుంచే తమ షోలకి పెడుతున్నారు. ఛానెల్‌కి ఇస్తే 1995 కేబుల్ చట్టం కింద ప్రోగ్రామ్ కోడ్, అంటే ఏం చూపించకూడదో చెప్పే నియమాలు, ఓటీటీకి 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు రేటింగ్. అది ముందే తేల్చుకుని రాయండి, రాశాక కోసుకుంటూ కూర్చుంటే కథ కుంటుద్ది. ఆఖరుగా, మీ ఊళ్లో నిజంగా జరిగింది రాయొద్దు బాబూ. ముమ్మిడివరంలో తుమ్మితే కాట్రేనికోనలో చిరంజీవ అంటారు.

ప్రశ్న: అమ్మా, ఇలాంటివి టీవీలో అవసరమా? మాకెవరు నేర్పారు? - 61 ఏళ్ల పాఠకుడు, భీమవరం

జవాబు: ఎవరూ నేర్పలేదు గనకేనండి, బస్టాండు గోడ నేర్పింది! నరాల బలహీనత, లాడ్జిలో ఫలానా వారం డాక్టరుగారు అని. లైంగిక శక్తి పెంచుతామని అలా ప్రకటనలెయ్యడం 1954 చట్టం ప్రకారమే నేరం, అయినా పోస్టరు తడి ఆరదు. వీర్యం పోతే బలం పోతుందని బెంగపడి నీరసించిపోయే కుర్రాళ్ల బాధకి 1960లో డాక్టర్ విగ్ అనే మన దేశపు మానసిక వైద్యుడు ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు, అంటే పోయేది బలం కాదు, మనశ్శాంతి. విజయవాడ డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి పత్రికల్లో జవాబులు రాసింది ఇలాంటి వాటికేగా, ఆ పేజీ మా ఇంట్లో అందరం చదివేవాళ్లం, చదివినట్టు ఒక్కరం ఒప్పుకునేవాళ్లం కాదు. మీరూ చదివే ఉంటారు, నిజం చెప్పండి.