డబ్బా పాలు ఎప్పుడు మానిపించాలి, మామూలు పాలు ఎప్పుడు పట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పాల గురించే. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి నాలుగు తీసుకున్నాను, మిగతావాళ్ళ డౌట్లు కూడా చాలావరకు వీటిల్లోనే తీరిపోతాయి. పేర్లు వద్దన్నారు, ఊళ్ళు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి పదో నెల నిండింది, నాకు పాలు చాలక మూడో నెల నుంచి డబ్బా పాలే పడుతున్నాం. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి, ఇంట్లో పాలు పెట్టుకుని నెలకి మూడు వేలు పోసి పౌడర్ కొనడమేంటని మావయ్యగారు రోజూ అంటున్నారు, అత్తయ్యగారేమో మా పిల్లలందరికీ మూడో నెల నుంచే సగం నీళ్ళు కలిపి గేదె పాలే పట్టాం, ఏం రాయిలా పెరగలేదా అంటారు. మా డాక్టర్ గారు ఏడాది దాకా వద్దన్నారు కానీ పెరుగన్నం మాత్రం ఏడో నెల నుంచే పెట్టమన్నారు. పెరుగు పాలతో చేసిందే కదండీ, అది పెట్టొచ్చు ఇది వద్దు అంటే ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలో తెలీట్లేదు. (తెనాలి)

జవాబు: ఇంకో రెండు నెలలు ఆగమ్మా. పెరుగు పెట్టొచ్చు, పాలు వద్దు అన్న మీ డాక్టర్ గారి మాట కరెక్టే, కారణం చెప్పకుండా వదిలేశారు అంతే.

గొడవ పాలతో కాదు, పాలు ఎన్ని అనేదానితో. అన్నంలో రెండు చెంచాల పెరుగు కలిపితే, జావలో కాసిని పాలు పోస్తే పర్వాలేదు. కానీ ఏడాదిలోపు పిల్లలకి రోజు మొత్తం తిండిలో పెద్ద వాటా పాలదే, ఆ వాటా మొత్తం ఆవు పాలో గేదె పాలో ఆక్రమిస్తే ఐరన్ దెబ్బతింటుంది. లీటరు ఆవు పాలల్లో ఉండే ఐరన్ అర మిల్లీగ్రాము, అందులోనూ ఒంటికి పట్టేది పదో వంతు. పైగా పాలల్లో ఉన్న కాల్షియం, కేసిన్ అనే ప్రోటీను కలిసి పప్పులోంచీ ఆకుకూరలోంచీ రావాల్సిన ఐరన్‌ని కూడా సరిగా పట్టనివ్వవు. తల్లిపాలల్లోనూ ఐరన్ తక్కువే కానీ ఉన్నది బాగా పడుతుంది, పుట్టేటప్పుడు అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలు దాకా లాక్కొస్తుంది. ఆ నిల్వ అయిపోయే టైముకి సరిగ్గా మనం గేదె పాలు మొదలుపెడతాం.

ఇంకోటి, ఇది కంటికి కనపడదు కాబట్టి పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఏడాదిలోపు, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, మామూలు పాలు పడితే కొంతమంది పిల్లలకి పేగుల్లోంచి రోజూ చుక్క చుక్క రక్తం పోతుంది. మోషన్‌లో ఎర్రగా ఏమీ కనపడదు, టెస్టులో తప్ప తెలీదు. ఏడాది దగ్గరపడేకొద్దీ పేగు గట్టిపడి ఇది ఆగిపోతుంది. మూడోది కిడ్నీలు: ఆవు పాలల్లో ప్రోటీను తల్లిపాలకి సుమారు మూడింతలు, గేదె పాలల్లో ఇంకాస్త ఎక్కువ, ఉప్పులూ ఎక్కువే. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తాయి కానీ మే నెల ఎండల్లో నాలుగు విరేచనాలయ్యాయంటే ఆ లేత కిడ్నీల మీద భారం పడి బిడ్డ తొందరగా నీరసించిపోతాడు.

అందుకే కదా నీళ్ళు కలిపేది అంటారు మీ అత్తయ్యగారు. నీళ్ళు కలిపితే ప్రోటీను తగ్గుతుంది, నిజమే, దాంతో పాటు బలమూ సగమైపోతుంది, అసలే లేని ఐరన్ ఇంకా లేకుండా పోతుంది. పొట్ట నిండుతుంది, బరువు పెరగదు. వాళ్ళ పిల్లలు పెరిగారు కదా అంటే పెరిగారు, కాదనట్లేదు, కానీ అప్పుడు ఎవరి పిల్లలకి రక్తం ఎంతుందో చూశారు? 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రాలో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇదంతా పాల వల్లే అనను, కానీ అసలే రక్తం తక్కువున్న ఊళ్ళో మొదటేడాది ఐరన్ వదులుకోవడం ఎందుకని నా పాయింటు.

మావయ్యగారికి ఒక మాట చెప్పండి, డబ్బాలో ఉన్నది కూడా ఆవు పాలే. వెన్న తీసేసి నూనెలు కలిపి, ప్రోటీను తగ్గించి, ఐరన్, విటమిన్లు చేర్చి పొడి చేశారు, అంతకుమించి అందులో మహత్యం ఏమీ లేదు. కాబట్టి డబ్బా పాలు ఏ ఇబ్బందీ లేకుండా అరిగిన బిడ్డకి ఆవు పాలు పడవేమో, ఎలర్జీ వస్తుందేమో అని ఏడాది నిండాక భయపడక్కర్లేదు.

ఖర్చు సంగతి కూడా చిన్నది కాదు. 400 గ్రాముల పౌడర్‌తో సుమారు మూడు లీటర్ల పాలవుతాయి, రోజుకి 600 ఎమ్మెల్ తాగే బిడ్డకి ఐదు రోజులు. అందుకే చాలామంది చేసే పని, చెంచా తగ్గించి నీళ్ళు పెంచడం, నెలకి ఆరు డబ్బాలు రావాల్సింది నాలుగుతో సరిపెట్టడం. దయచేసి అది మాత్రం చెయ్యకండి. డబ్బా మీద ఎంత రాస్తే అంత, మన దగ్గర చాలా డబ్బాల మీద 30 ఎమ్మెల్ నీళ్ళకి తలకొట్టిన చెంచా ఒకటి అని ఉంటుంది. నిజంగా కొనలేని ఇల్లయితే ఆరు నెలలు దాటాక పలచటి డబ్బా పాల కన్నా కాచిన మామూలు పాలు నీళ్ళు కలపకుండా పట్టడమే నయం, ఐరన్ చుక్కలు తప్పకుండా వేస్తూ. మన పిల్లల డాక్టర్లు ఏడాది దాకా వద్దనే అంటారు కానీ డబ్ల్యూహెచ్ఓ 2023లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో తల్లిపాలు లేని 6 నుంచి 11 నెలల పిల్లలకి డబ్బా పాలైనా పశువుల పాలైనా ఇవ్వొచ్చనే ఉంది. మీరు పది నెలలు లాక్కొచ్చారు, ఇంకో పన్నెండు డబ్బాల పని, అయినా నన్నడిగితే పూర్తి చెయ్యమనే అంటాను. ఏదో పెళ్ళికెళ్ళినప్పుడు డబ్బా అయిపోయి ఒకట్రెండు రోజులు గేదె పాలు పట్టారనుకోండి, దానికి కంగారేమీ లేదు. 2022లో అమెరికాలో డబ్బాలు దొరక్క ఇబ్బంది పడినప్పుడు అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే ఆరు నెలలు దాటిన పిల్లలకి కొద్ది రోజులు మామూలు పాలు పట్టుకోండని చెప్పింది.

పుట్టినరోజు దాటాక మార్చడం చాలా తేలిక. కొంతమంది పిల్లలు మొదటి గ్లాసే గటగటా తాగేస్తారు. రుచి తేడా పట్టేసి మొహం తిప్పేసేవాళ్ళకి మాత్రం పొద్దున ఒక్క పూట మార్చి, రెండు మూడు రోజులాగి ఇంకో పూట మార్చండి, లేదా డబ్బా పాలు ఎప్పట్లా నీళ్ళతో కలుపుకుని అందులో కాచి చల్లార్చిన పాలు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. పౌడర్‌ని నేరుగా పాలల్లో కలిపేవాళ్ళున్నారు, బలం డబుల్ అవుద్దని, అది చాలా తప్పు, చిక్కదనం ఎక్కువై కిడ్నీలకే చేటు. చక్కెర వెయ్యకండి. గుమ్మపాలు బలమని గేదె దగ్గరే పితికినవి పితికినట్టు పట్టడం కూడా వద్దు, కాచని పాలతో బ్రూసెల్లా, టీబీ లాంటివి వస్తాయి. మీ ఇంటి గేదె ఎంత మంచిదైనా సరే.

ప్రశ్న: సార్, మా పాపకి ఏడాదిన్నర. ఏడాది నిండంగనే డబ్బా బంద్ చేసి బర్రె పాలు మొదలువెట్టినం, మంచిగ తాగుతది, రోజుకి లీటరు దాటుతది, రాత్రి కూడ రెండు సీసాలు. కానీ అన్నం ముట్టదు, పప్పు పెడితె ఉమ్మేస్తది. ఈ మధ్య గోడ సున్నం గీకి తింటున్నది, మట్టి కూడ. మా అత్తమ్మ దిష్టి అంటున్నది. పాలన్న తాగుతున్నది గదా అని మేం ఊకున్నం. (కరీంనగర్)

జవాబు: దిష్టి కాదమ్మా, నాకైతే రక్తం తక్కువైనట్టు అనిపిస్తోంది. ఈ వారంలోనే పాపని డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్ చూపించండి. కింది కనురెప్ప లోపల, అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయేమో చూడండి. మట్టి, సున్నం, బియ్యం తినడం ఐరన్ తగ్గినప్పుడు బాగా కనపడే లక్షణం.

ఏడాది ఎప్పుడు నిండుద్దా అని అందరూ క్యాలెండర్ చూస్తారు, నిండాక పాలు తగ్గాలని మాత్రం ఎవరూ చెప్పరు. నేను చూసే పిల్లల్లో తొందరపడి పదో నెలలో పాలు పట్టినవాళ్ళ కన్నా, టైముకే మార్చి తర్వాత లీటర్లు లీటర్లు పోసినవాళ్ళకే ఎక్కువ రక్తహీనత ఉంటుంది. ఏడాది దాటిన బిడ్డకి రోజు మొత్తానికి 400 ఎమ్మెల్ పాలు చాలు, 500 దాటొద్దు, పెరుగు తింటే అదీ ఈ లెక్కలోదే. లీటరు పాలతో పొట్ట నిండిన పిల్లకి అన్నం ఎక్కడ పడుతుంది? పప్పు ఉమ్మేస్తోందంటే పప్పు మీద కోపం కాదు, ఆకలి లేదు.

ముందు రాత్రి సీసాలు ఆపండి. రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది, మీకూ నిద్రుండదు, నీళ్ళు పట్టి జోకొట్టండి, అలవాటైపోతుంది. అట్లా సీసా నోట్లో పెట్టుకుని పడుకుంటే ముందు పళ్ళు కూడా పుచ్చిపోతాయి. పగలు పాలు గ్లాసుతోనే, అన్నం తిన్నాకే. తిండిలో ఆకుకూర పప్పు, గుడ్డు, మీరు తినేవాళ్ళయితే మెత్తగా ఉడికించిన చికెన్, వారానికోసారి కొంచెం కార్జం పెట్టండి, పప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. డాక్టర్ గారు ఐరన్ డ్రాప్స్ రాస్తే పాలతో కలిపి వెయ్యకండి, మధ్యలో గంటన్నా గ్యాప్ ఉండాలి, మోషన్ నల్లగా వస్తే భయపడి ఆపకండి. అసలు ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలందరికీ వారానికి రెండుసార్లు 1 ఎమ్మెల్ ఐరన్ సిరప్ ప్రభుత్వం ఫ్రీగా ఇస్తుంది, ఆశా కార్యకర్తని అడగండి. చాలా ఇళ్ళల్లో ఆ సీసా ఫ్రిజ్ మీద అట్లాగే ఉంటుంది, మూత కూడా తీసి ఉండరు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం, పాపకి వచ్చే నెల ఏడాది నిండుతుంది, ఇక్కడ డాక్టర్ హోల్ మిల్క్ మొదలుపెట్టమన్నారు, సరిగ్గా అప్పుడే రెండు నెలలు విజయవాడ వస్తున్నాం. అక్కడ ప్యాకెట్లల్లో ఏది హోల్ మిల్క్‌కి సమానమో అర్థం కావట్లేదు, మా అమ్మేమో పాలు కాచి మీగడ తీసి పడదాం లేకపోతే అరగదు అంటోంది.

జవాబు: రంగులు చూడొద్దు, ఒక్కో డెయిరీది ఒక్కో రంగు. ప్యాకెట్ మీద రాసి ఉన్న కొవ్వు శాతం చూడండి. టోన్డ్‌లో 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6, డబుల్ టోన్డ్‌లో 1.5. మీ హోల్ మిల్క్ మూడుంపావు దగ్గర ఉంటుంది కాబట్టి టోన్డ్ గానీ ఆవు పాలని రాసి ఉన్న ప్యాకెట్ గానీ దగ్గరగా ఉంటాయి, స్టాండర్డైజ్డ్ అయినా బాగానే ఉంటుంది. డబుల్ టోన్డ్ మాత్రం రెండేళ్ళ దాకా వద్దు, పిల్లల మెదడు పెరిగే టైములో కొవ్వు తగ్గించకూడదు. అదే కారణంతో మీగడ కూడా తియ్యక్కర్లేదని అమ్మకి చెప్పండి. గొంతుకి అడ్డం పడుతుందనుకుంటే వడకట్టకుండా గిలక్కొట్టి కలిపేయండి. ప్యాకెట్ పాలైనా ఇక్కడ ఒకసారి కాచుకోవడమే మంచిది, వేసవిలో షాపు దాకా వచ్చేసరికి అవి ఎంతసేపు బయట ఉన్నాయో ఎవరికి తెలుసు. ప్రయాణంలో మాత్రం డబ్బా పాలే ఉంచుకోండి, ఊరూ నీళ్ళూ టైమూ మారే రోజుల్లోనే పాలు కూడా మార్చొద్దు, దిగాక ఓ వారం ఆగి మొదలుపెట్టండి.

ప్రశ్న: మాకు కవల పిల్లలు, ఎనిమిది వారాలు ముందే పుట్టారు. పోయిన వారం ఏడాది నిండింది. మెడికల్ షాపులో స్టేజ్ 3 డబ్బా వాడాలి అంటున్నారు, పక్కింటివాళ్ళు ఏ2 దేశీ ఆవు పాలైతే ఏ వయసుకైనా మంచిదంటున్నారు, ఏది వినాలి? (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: ఇద్దరి మాటా వద్దు. ముందు పుట్టిన పిల్లలకి డాక్టర్ ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి లెక్క కట్టాలి, అంటే మీవాళ్ళకి ఇప్పుడు పది నెలలే, పైగా నెల తక్కువ పిల్లలు ఐరన్ నిల్వ తక్కువతో పుడతారు. ఇప్పుడు వాడుతున్న డబ్బానే ఇంకో రెండు నెలలు వాడి, ఐరన్ చుక్కలు ఆపాలా ఇంకా వెయ్యాలా అని మీ డాక్టర్‌ని అడగండి. స్టేజ్ 3, 4 డబ్బాలు ఎవరికీ తప్పనిసరి కాదు, ఏడాది దాటాక వాటి అవసరం లేదని డబ్ల్యూహెచ్ఓనే చెప్పింది. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి మన దేశంలో 1992 చట్టం ప్రకారం ప్రకటనలే వెయ్యకూడదు, అందుకే ఆ పని షాపు కౌంటర్ దగ్గర జరుగుతోంది. ఏ2 పాలల్లో కేసిన్ రకం ఒకటి వేరు, ఐరన్ మాత్రం అంతే, కాబట్టి గిర్ ఆవైనా ఒంగోలు ఆవైనా వయసు రూలు మారదు. డబ్బులుంటే పన్నెండు నెలల లెక్క నిండాక కొనుక్కోండి, ఇద్దరికీ కలిపి రోజుకి లీటరు దాటకుండా.