పాత యజమాని కట్టని ఇంటి పన్ను మా మీద పడింది, ఏం చేయాలి?

ప్రశ్న: ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్ మలక్‌పేటలో ఒక ఫ్లాట్ కొన్నాం. పన్నెండేళ్ల పాతది, 1,150 చదరపు అడుగులు. మాకు అమ్మినావిడ అందులో బ్యూటీ పార్లర్ నడిపేవారు. జూన్ మొదట్లో బిల్ కలెక్టర్ వచ్చి చేతిలో కాగితం పెట్టి వెళ్లారు. ఏడాది పన్ను 16,100 రూపాయలట. రెండేళ్ల బకాయి 32,200, దాని మీద వడ్డీ 9,660, ఈ ఏడాది మొదటి ఆరు నెలలకు 8,050, అన్నీ కలిపి 49,910. బిల్లు ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. ఎదురు ఫ్లాట్ కూడా మా అంతే ఉంటుంది, వాళ్లు మాత్రం ఏడాదికి 4,025 కడుతున్నారు. మాకు నెలకు 41,000 ఈఎంఐ ఉంది. కష్టానికి పనికొస్తుందని దాచుకున్న రెండున్నర లక్షల ఎఫ్‌డీ తప్ప చేతిలో ఏమీ లేదు. ఆవిడ బాకీ మేమెందుకు కట్టాలి? కట్టకపోతే ఫ్లాట్ పోతుందా? అమెరికాలో ఉన్న మా ఆడపడుచేమో ‘ఈఎంఐలోనే టాక్స్ పోతుంది కదా’ అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ భయం సంగతి. బిల్లు ఆవిడ పేరు మీద ఉన్నంత మాత్రాన ఫ్లాట్ ఆవిడది అయిపోదు. మీ హక్కుకు ఆధారం రిజిస్టర్ అయిన సేల్ డీడ్. పన్ను రికార్డులో పేరు ఎవరిని అడిగి వసూలు చేయాలో చెప్పడానికే, యజమాని ఎవరో తేల్చడానికి కాదు. అలాగని బిల్లును పక్కన పడేయకండి. ఆస్తి పన్ను బకాయి మనిషి వెంట పోదు, ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇల్లు చేతులు మారినా మున్సిపల్ కార్పొరేషన్ ఆ ఇంట్లో ఉన్న యజమాని దగ్గరికే వస్తుంది. నోటీసుతో మొదలుపెట్టి జప్తు దాకా వెళ్లే అధికారం చట్టం వాళ్లకు ఇచ్చింది. నలభై వేల బాకీకి ఎవరూ మీ ఫ్లాట్ వేలం వేయరు కానీ, ఆ బాకీ మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.

మీ ఆడపడుచు చెప్పింది అక్కడి వరకు నిజమే. అమెరికాలో చాలామందికి బ్యాంకే ఈఎంఐతో పాటు ప్రాపర్టీ టాక్స్ కూడా వసూలు చేసి కౌంటీకి కడుతుంది. మన దగ్గర ఈఎంఐలో ఉండేవి అసలు, వడ్డీ రెండే. ఇంటి పన్ను మనమే కట్టుకోవాలి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరు మాటవరసకు చెప్పిన బ్యూటీ పార్లర్ ముక్క దగ్గరే చిక్కంతా ఉంది. జీహెచ్‌ఎంసీలో, అంటే గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో, పన్నుకు మూలం అద్దె విలువ. చదరపు అడుగుకు నెలకు ఇంత అని ఆ ప్రాంతానికి ఒక రేటు ఉంటుంది. దాన్ని వైశాల్యంతో, తర్వాత పన్నెండు నెలలతో గుణిస్తారు. ఇల్లు కట్టి పాతికేళ్లు దాటకపోతే అందులో పది శాతం తరుగుదల తీసేస్తారు. మిగిలిన దాని మీద పన్ను శాతం వేస్తారు. ఇళ్లకు నెల అద్దె విలువ 300 రూపాయలు దాటితే అది 30 శాతం. అంతకంటే తక్కువ విలువకు తక్కువ శాతాలు ఉన్నాయి గానీ, నగరంలో మామూలు ఫ్లాట్లన్నీ 30లోకే వస్తాయి. ఆఖర్న గ్రంథాలయ పన్ను ఎనిమిది శాతం కలుపుతారు.

ఈ గుణకారాలన్నీ కలిపి చూస్తే 12 × 0.90 × 0.30 × 1.08, అంటే దాదాపు మూడున్నర. వైశాల్యాన్ని రేటుతో, ఆపైన మూడున్నరతో గుణిస్తే ఏడాది పన్ను వస్తుంది. కమర్షియల్ ఆస్తులకు జీహెచ్‌ఎంసీ వాడే సూత్రం సూటిగా ఇదే. మీలాంటి ఫ్లాట్లకూ లెక్క అక్కడికే చేరుతుంది, తేడా అంతా రేటులోనే.

ఇప్పుడు మీ బిల్లు వెనక్కి లెక్కేద్దాం. ఎదురింటి 4,025ని మూడున్నరతో, తర్వాత 1,150తో భాగిస్తే సరిగ్గా ఒక రూపాయి. మీ 16,100ను అలాగే భాగిస్తే నాలుగు రూపాయలు. ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపులున్న రెండు ఫ్లాట్లకు రేటులో నాలుగు రెట్ల తేడా అంటే కారణం ఒక్కటే అయి ఉంటుంది. పార్లర్ ఉన్నందుకు మీ ఫ్లాట్‌ను నివాసం నుంచి కమర్షియల్‌కు మార్చారు. మీరు కాపురం ఉంటున్నా రికార్డులో అది ఇంకా పార్లరే. బిల్లు మీద ‘వినియోగం’ దగ్గర ఏమని ఉందో ఒకసారి చూడండి. లేదంటే పీటీఐఎన్, అంటే బిల్లు మీద ఉండే మీ ఇంటి పన్ను గుర్తింపు నంబరు, కొట్టి జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో చూసినా తెలుస్తుంది.

అందుకే ఈ 49,910ని ఒకే ముద్దగా చూడొద్దు. అందులో రెండు వేర్వేరు బాకీలున్నాయి.

బకాయి, వడ్డీ కలిపి 41,860. ఇది వెంటనే కట్టేయండి. గడువు దాటిన పన్ను మీద వడ్డీ నెలకు రెండు శాతం, అంటే ఏడాదికి 24. 32,200 మీద నెలకు 644 రూపాయలు. మీ ఎఫ్‌డీ ఏడు శాతం ఇస్తోందనుకున్నా 41,860కి ఏడాదంతా కలిపి వచ్చేది 2,930 రూపాయలు. అదే ఏడాదిలో ఇక్కడ 7,728 పోతుంది. కష్టానికి దాచిన డబ్బు ముట్టుకోవడం ఎవరికైనా బాధే, నాకు తెలుసు. కానీ 24 శాతం వడ్డీతో పెరిగే బాకీ కష్టం కాకపోతే ఇంకేది కష్టం? రెండున్నర లక్షలూ ఒకే డిపాజిట్‌గా ఉంటే, అందులోంచి కొంత మాత్రమే తీసుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి. లేదంటే మొత్తం తీసేసి, మిగిలిన రెండు లక్షల ఎనిమిది వేలను యాభై వేల చొప్పున నాలుగు డిపాజిట్లుగా వేసుకోండి. ఇకముందు ఏ అవసరమొచ్చినా ఒక్కటి తీస్తే సరిపోతుంది. ఆ మిగిలింది మీ ఈఎంఐలకు ఐదు నెలలు సరిపోతుంది కాబట్టి పరిస్థితి చేయి దాటినట్టేమీ కాదు.

‘వన్ టైమ్ స్కీమ్ వస్తుంది, 90 శాతం వడ్డీ మాఫీ చేస్తారు, ఆగండి’ అని ఎవరో ఒకరు చెబుతారు. అది ఉత్త మాట కాదు. 2022లో వచ్చింది, 2025 మార్చిలోనూ వచ్చింది. ఆ స్కీము మళ్లీ వస్తుందని రాసిచ్చేవాళ్లుంటే నేనూ ఆగమనే చెబుతాను, ఎందుకంటే లెక్క అలాగే తేలుతుంది. వచ్చే మార్చి దాకా ఆగితే వడ్డీ 9,660 నుంచి 15,456కు చేరుతుంది. మాఫీ వస్తే అందులో కట్టాల్సింది 1,546 మాత్రమే. రాకపోతే మాత్రం 15,456 మొత్తం మీ నెత్తిన పడుతుంది. ఇంకో సంగతి, మీరు ఈ డబ్బు పాత యజమాని దగ్గర రాబట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ అయి నాలుగు నెలలే కాబట్టి ఆవిడ ఇప్పుడు ఫోన్ ఎత్తుతారు. ఇంకో ఏడాది పోతే ఎత్తుతారన్న నమ్మకం లేదు. అందుకే మీ విషయంలో నేను ఆగమనను.

రాబట్టడం ఎలా అంటే, మొదట సేల్ డీడ్ తీసి చదవండి. రిజిస్ట్రేషన్ తేదీ వరకు పన్నులు, కరెంటు, నీళ్ల బకాయిలన్నీ అమ్మేవారివే, తర్వాత ఏవైనా తేలినా వారే బాధ్యులు అని చాలా డీడ్లలో ఒక పేరా ఉంటుంది. ఆ పేరా ఫొటో, బిల్లు, మీరు కట్టిన రసీదు మూడూ కలిపి ఆవిడకు వాట్సాప్‌లో పంపి, మర్యాదగానే అడగండి. గొడవతో మొదలుపెట్టొద్దు. చాలామంది మరిచిపోయి వదిలేసినవాళ్లే ఉంటారు. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా నెలన్నర మీ వాటానే కదా అని ఆవిడ అంటే, అది న్యాయమే. బకాయిలోని ఆ ఆరు నెలల 8,050లో నెలన్నరకు సుమారు రెండు వేలు వదులుకోండి. అప్పటికీ దాటవేస్తే లాయర్ చేత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ‘రెండేళ్లూ కమర్షియల్ రేటు వేయడమే తప్పు, తగ్గించండి’ అని మాత్రం మీరు ఆఫీసులో వాదనకు దిగొద్దు. అప్పుడు అక్కడ పార్లర్ నడిచిన మాట నిజం.

రెండో ముక్క, ఈ ఏడాది 8,050. దీనికి తొందరపడకండి. మొదటి అర్ధ సంవత్సరానికి గడువు జూలై 31, రెండో దానికి అక్టోబరు 15. జూలై ఆఖరులోపు కడితే దీని మీద వడ్డీ ఉండదు. ఈలోగా వినియోగాన్ని కమర్షియల్ నుంచి నివాసానికి మార్చమని మీ సర్కిల్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. సేల్ డీడ్ నకలు, ఆధార్, తాజా కరెంటు బిల్లు, వంటిల్లు, పడకగది కనిపించేలా నాలుగు ఫొటోలు జత చేయండి. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేసిన కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. టాక్స్ ఇన్‌స్పెక్టర్ చూడటానికి వస్తారు. గోడ మీద పార్లర్ బోర్డు కానీ, తలుపు మీద స్టిక్కర్లు కానీ మిగిలి ఉంటే ఈ రోజే తీయించండి. చూడటానికి చిన్న విషయమే కానీ, వచ్చిన మనిషి మొదట చూసేది దాన్నే. జూలై ఆఖరుకు పని తేలకపోతే 8,050 కట్టేసి, ఎక్కువ కట్టిన మొత్తాన్ని తర్వాతి పన్నులో సర్దమని అదే అర్జీ ఆధారంగా రాసివ్వండి. ‘నేను చూసుకుంటా, సగానికి సెటిల్ చేస్తా’ అనే మధ్యవర్తులను మాత్రం గుమ్మం దగ్గరే ఆపేయండి. ఆన్‌లైన్‌లోనో, మీసేవలోనో, సిటిజన్ సర్వీస్ సెంటర్‌లోనో కట్టి, పీటీఐఎన్ వేసిన రసీదు తీసుకుంటేనే కట్టినట్టు.

కరెంటు బిల్లు ప్రస్తావన వచ్చింది కాబట్టి అది కూడా తీసి చూడండి. పార్లర్ నడిచిన ఫ్లాట్లలో మీటర్ కూడా కేటగిరీ-2లో, అంటే గృహేతర కనెక్షన్‌గా ఉండే అవకాశం ఎక్కువ. అదే జరిగితే ఈ నాలుగు నెలలుగా ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ మీరు దుకాణం రేటు కడుతున్నారన్నమాట. కేటగిరీ-1కి మార్చమని విద్యుత్ ఆఫీసులో అడగండి. ముందు ఇది మారితే ఆ బిల్లే జీహెచ్‌ఎంసీలో మీ అర్జీకి గట్టి సాక్ష్యం అవుతుంది.

పేరు మార్పు కూడా ఇదే ఊపులో చేయించుకోండి. ఈ మధ్య రిజిస్ట్రేషన్‌తో పాటే మ్యుటేషన్ అయిపోవాలి. మీది కాలేదంటే బహుశా రిజిస్ట్రేషన్ అప్పుడు పీటీఐఎన్ సరిగా జత పడి ఉండదు. సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) పట్టుకెళ్తే చూస్తారు. బకాయి లేదన్న రసీదు చేతిలో ఉంటే ఈ పని ఇంకా తేలిక.

అంతా సరయ్యాక మీ పన్ను కూడా ఎదురింటి వాళ్లలాగే 4,025. ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే ఎర్లీ బర్డ్ కింద ఐదు శాతం, అంటే 201 రూపాయలు తగ్గుతుంది. ఆ తగ్గింపు ఆ ఏడాది పన్నుకే, పాత బకాయికి రాదు. నెలకు 340 రూపాయల చొప్పున రికరింగ్ డిపాజిట్ వేసుకుంటే ఏప్రిల్‌లో చేయి చాచే పని ఉండదు.

మీరే ఉంటున్న ఇల్లు కాబట్టి ఈ పన్నుకు ఆదాయ పన్నులో మినహాయింపు లేదు. రేపు ఎప్పుడైనా అద్దెకిస్తే మాత్రం, ఆ ఏడాదిలో మీరు నిజంగా కట్టిన ఇంటి పన్నును అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు. కాబట్టి రసీదులు పారేయకండి.

ఇది చదివే ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఒక మాట. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో లెక్క మారింది. అద్దె విలువ బదులు రిజిస్ట్రేషన్ విలువను బట్టి వచ్చే మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. గడువులు జూన్ 30, డిసెంబరు 31. అక్కడ మలక్‌పేట లెక్కలు పనికిరావు. కానీ పాత ఇల్లు కొనేటప్పుడు అడ్వాన్సు ఇచ్చేలోపే ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు అడిగి బకాయి ఎంతుందో, వినియోగం ఏమని రాశారో చూసుకోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే. బకాయి ఉంటే అంత మొత్తం ఇంటి ధరలోంచి కోసుకుని, దాన్ని మీరే కట్టి రసీదు తీసుకోండి. ఆ రోజు మీ మాట చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ అయ్యాక చెల్లడం కష్టం.