ముందు మాటల్లేనివి పెట్టు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటిల్లిపాదీ కలిసి చూసి నవ్వుకోడానికి టీవీలో ఏం పెట్టాలని మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. చెబితే పది సినిమాల పేర్లు గడగడా చదివేసేవాణ్ణి. నువ్వు రాసుకునేదానివి. రెండో రోజుకే మళ్లీ ఎవరి ఫోన్ వాళ్లదే అయ్యేది. అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చి రెండు నెలలుంటారు. నీ పిల్లలకి తెలుగు అంతంతమాత్రం. మీ నాన్నకి కుడిచెవి సరిగా వినపడదు, ఆ మాట ఒప్పుకోడు కూడా. అల్లుడుగారికి రాత్రి ఎనిమిదింటిదాకా మీటింగులు. వీళ్లందరినీ బెంగళూరులో మీ మారతహళ్లి ఫ్లాట్‌లో ఒక్క టీవీ ముందు కూర్చోబెట్టి నవ్వించాలంటే, సోఫాలో ఎవరెవరు కూర్చుంటారో చూసుకున్నాకే రిమోట్ పట్టుకోవాలి.

మల్లేశ్వరంలో మా ఇంట్లో ముగ్గురు మనవలతో ఏళ్ల తరబడి ఈ తిప్పలు పడ్డాను కాబట్టి చెబుతున్నాను. మొదటి వారం మాటలున్నదేదీ పెట్టకు. అయిదేళ్ల పిల్లకి తెలుగు రాదు, డెబ్బై దాటిన తాతకి మాట వినపడదు. టీవీ ముందు ఇద్దరిదీ ఒకే ఇబ్బంది. మాటల్లేని బొమ్మ పెడితే ఇద్దరూ ఒకేసారి నవ్వుతారు. ఆ నవ్వు ఒకసారి కలిసిందా, తర్వాత ఏది పెట్టినా పక్కపక్కనే కూర్చుంటారు.

టామ్ అండ్ జెర్రీతో మొదలుపెట్టు. కొత్తవి కాదు, హనా, బార్బెరా ఇద్దరూ కలిసి 1940 నుంచి 1958 దాకా తీసిన పాతవి. అవి టీవీ కోసం తీసినవి కావు, సినిమా హాళ్లలో అసలు సినిమాకి ముందు వేసే ఏడెనిమిది నిమిషాల చిత్రాలు. అందుకే ఒక్కో బొమ్మ మీదా అంత పనితనం. ఏడు ఆస్కార్లు వచ్చాయి వాటికి. టామ్ కోటు తొడుక్కుని పియానో వాయిస్తుంటే జెర్రీ లోపల నిద్రపోతూ లేచే చిత్రం ఒకటుంది, 1947 నాటిది. దాన్ని మీ నాన్న పక్కన కూర్చుని చూడు. సంగీతం తెలిసినవాడు కదా, పిల్లి వేలు ఏ మెట్టు మీద పడిందో చూసి ఆయన నవ్వుతాడు, ఎలుక తన్నులు చూసి నీ కూతురు నవ్వుతుంది. ఒక జాగ్రత్త. ఆ కాలపు అమెరికాలో నల్లవాళ్లని వెటకారంగా గీసినవి వాటిలో కొన్ని ఉన్నాయి. పెద్దాడికి పదేళ్లు వచ్చాయిగా, అలాంటిది వస్తే దాటవేయకు, అప్పట్లో అలా గీసేవాళ్లు, అది తప్పని చెప్పు.

దాని తర్వాత షాన్ ది షీప్. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ఊళ్లో ఉన్న ఆర్డ్‌మన్ వాళ్లు 2007లో మొదలుపెట్టారు. బంకమన్ను లాంటి ముద్దతో బొమ్మలు చేసి, కాస్త కాస్త కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీస్తారు. గొర్రెలు, ఒక కుక్క, చత్వారం వచ్చిన రైతు, అంతే. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, గొణుగుతారు. మీ అమ్మకి ఇది నచ్చి తీరుతుంది. చిన్నప్పుడు ఇంట్లో మేకల్ని కాసిన మనిషి, గొర్రె ముఖంలో దొంగచూపు ఆమెకి తెలిసినట్టు మనకి తెలియదు.

ఇక మన బెంగళూరు సంగతి. పుష్పక విమానం పెట్టకుండా మీ నాన్నని తెనాలి పంపావంటే నేను ఊరుకోను. 1987లో సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. రెండు గంటల పైచిలుకు సినిమాలో ఒక్క డైలాగు లేదు. అలాగని మూకీ కాదు, చప్పుళ్లన్నీ ఉంటాయి, మాటలే ఉండవు. తీసింది చాలావరకు ఈ ఊళ్లోనే. ఆ పెద్ద హోటల్ విండ్సర్ మేనర్. మేము మెజెస్టిక్‌లో చూశాం. మా ఫ్యాక్టరీ నుంచి ఎనిమిదిమంది వెళ్లాం, నేనూ ఇంకొకడూ తెలుగు, మిగతావాళ్లు కన్నడ, తమిళం, మలయాళం, ఒక బెంగాలీ. ఏ సినిమాకి వెళ్లినా ఎవడో ఒకడు పక్కవాడికి చెవిలో అర్థం చెప్పాల్సిందే, వెనకవాళ్లు తిట్టాల్సిందే. ఆ రోజు ఎవడికీ ఎవడూ ఏమీ చెప్పలేదు. ఎనిమిదిమందిమీ ఒక్క క్షణంలో నవ్వాం. ఈ ఊరికొచ్చాక అలాంటిది నాకు అదే మొదటిసారి.

కథ పిల్లలకి ముందే చెప్పకు. ఉద్యోగం లేని కుర్రాడు తప్పతాగి పడిపోయిన డబ్బున్నవాణ్ణి కట్టేసి, అతని హోటల్ గదిలో మకాం పెడతాడని నీకొక్కదానికే చెబుతున్నాను. కట్టేసినవాడి కాలకృత్యాల సంగతి కుర్రాడు ఎలా తేల్చాడో చూసి మా మనవడు నేలమీద పడి దొర్లాడు, మీ పెద్దమ్మ ముక్కు మూసుకుని నవ్వింది. నాకు మాత్రం ఇంకో చోట ప్రాణం లేచొస్తుంది. హోటల్ గదిలో అంత నిశ్శబ్దం ఉంటే వాడికి నిద్ర పట్టదు. పాత గది పక్కన సినిమా హాలు గోలకి అలవాటు పడ్డ ప్రాణం. వెళ్లి ఆ గోలని టేప్‌రికార్డర్‌లో పట్టుకొచ్చి, పెట్టుకుని పడుకుంటాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కాపురముండే నీకు నేను విడమరచి చెప్పాలా? మంచు కత్తి పట్టుకుని తిరిగే హంతకుడొకడు ఉన్నాడు, చిన్నది భయపడుతుందేమోనని మొదట అనుకున్నాను. మా పిల్లలైతే కత్తి కరగడం చూసి ఎగిరారు. చివర్లో మాత్రం గుండె కాస్త బరువెక్కుతుంది, పెద్దాడు ఏదైనా అడుగుతాడు, సిద్ధంగా ఉండు.

రెండో వారం నుంచి మాటలున్నవి. ఇక్కడ నువ్వు ఒక్క పని మానుకోవాలి. పిల్లలు "అంటే ఏంటి" అని అడిగినప్పుడల్లా ఇంగ్లీషులో అర్థం చెప్పేస్తావు, చూశాను. చెప్పకు. తాతయ్యని అడగమను. మాయాబజార్ అందుకే పనికొస్తుంది. 1957 నాటి సినిమా, నలుపు తెలుపు అని పెద్దాడు మొహం మాడ్చుకుంటాడు, రంగులద్దిన ప్రింటు 2010లో వచ్చింది, అది దొరికితే సరే, లేకపోతే పాతదే ఉత్తమం, మార్కస్ బార్ట్లే కెమెరా వెన్నెల అందులోనే బాగుంటుంది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా లడ్లు నోట్లోకి ఎగరేసుకునే చోట అర్థాలు అక్కర్లేదు. గింబళి, గిల్పం దగ్గరికి వచ్చేసరికి కావాలి. పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన మాటలవి, నిఘంటువులో వెతికితే దొరకవు. మా మనవలు నెల్లాళ్లు మంచాన్ని గిల్పం అనే పిలిచారు. వాళ్లకి బడిలో తెలుగు లేదు, ఆ మాటొక్కటి మాత్రం ఇప్పటికీ పోలేదు.

తర్వాత జంధ్యాల. అహ నా పెళ్ళంట! 1987లోనే వచ్చింది, ఆ ఏడు ఏం తిని తీశారో. కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారిగా చేశాడు. అది చూశాక మీ నాన్న పొదుపు మీద పిల్లలు జోకులు వేస్తారు, ముందే చెబుతున్నాను. చంటబ్బాయ్‌ని దాని తర్వాతి శనివారానికి ఉంచుకో. డిటెక్టివ్ చిరంజీవి ఒక పాటలో చాప్లిన్ వేషం వేస్తాడు. పెద్దాడు ఎవరా మనిషని అడిగితే మర్నాడు ది గోల్డ్ రష్ పెట్టు, 1925 నాటి అసలు చాప్లిన్. ఆకలికి బూటు ఉడకబెట్టుకుని తినే సీను చాలు. చంటబ్బాయ్‌లో కవిత్వం పేరుతో సంపాదకుణ్ణి చంపుకుతినే శ్రీలక్ష్మిని మాత్రం పిల్లలకి వివరించాలని చూడకు, అది మనకోసం.

ఒక అనుభవం చెబుతాను, నవ్వుకో. మా వియ్యాలవారు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, తొంభైల్లో బాగా నవ్వుకున్న సినిమా ఒకటి గుర్తొచ్చి పెట్టాను. నాకు గుర్తున్నది రెండు సీన్లే. మిగతావన్నీ బూతు అర్థాలు, ఆడపిల్ల కనబడితే వెంటపడడం, లావుగా ఉన్నవాణ్ణి చూసి ఇకిలించడం. ఆపుదామంటే రిమోట్ సోఫా సందులో పడిపోయింది. వియ్యపురాలు గోడ మీది క్యాలెండర్ చదువుతూ కూర్చుంది, డిసెంబరు దాకా చదివిందనుకుంటాను. అప్పట్నుంచి ఎంత గుర్తున్న సినిమా అయినా ముందు రాత్రి నేనొక్కణ్ణే కూర్చుని అక్కడక్కడా తిప్పి చూస్తాను. నువ్వూ చూడు.

చిన్నదాని కార్టూన్ల మీద నీకు టెన్షన్ అక్కర్లేదు. ఛోటా భీమ్ మన హైదరాబాద్ సరుకే, 2008 నుంచి నడుస్తోంది. లడ్డు తిన్నాడు, కొట్టాడు, అయిపోయింది. అన్నం తినేటప్పుడు పనికొస్తుంది. షిన్‌చాన్ వద్దు. మొదట 1990లో జపాన్‌లో పెద్దవాళ్లు చదివే కామిక్ పత్రికలో వచ్చిన బొమ్మ అది, ఆ వెకిలితనం పెద్దాడు తట్టుకోగలడు గానీ చిన్నది రేపే నీ మీద ప్రయోగిస్తుంది. ఆస్ట్రేలియా వాళ్ల బ్లూయీ మాత్రం అల్లుడుగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. ఏడేసి నిమిషాలు, కుక్కల కుటుంబం, పిల్లలతో ఆటల్లో పడితే ఒళ్లు మరిచిపోయే నాన్న. ఏమీ అనకు, పెట్టి ఊరుకో.

మామూలు రోజుల్లో మూడు గంటల సినిమా పెట్టుకోవద్దు. ఇంటర్వెల్ దగ్గర ఆపి రేపటికి ఉంచు, మర్నాడు పిల్లలే గుర్తు చేస్తారు. తెలుగు సీరియల్ కావాలంటే అమృతం ఒకటి చాలు, 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిందే. హోటల్ పెట్టి చేతులు కాల్చుకునే ఇద్దరి కథ, ఈ ఊళ్లో మెస్ పెట్టిన మనవాళ్లెవరిని చూసినా నాకు వాళ్లే గుర్తొస్తారు. తెరమీద అక్షరాలు పెట్టు, మీ నాన్న చెవి గురించి ఎవరూ ఎత్తక్కర్లేదు, పిల్లల కోసమని చెప్పు. వాల్యూమ్ మాత్రం ఆయన చేతికివ్వకు, పై ఫ్లాట్‌వాళ్లు దిగొస్తారు.

వచ్చే శనివారం సాయంత్రం నేనూ మీ పెద్దమ్మా వస్తున్నాం. ఇక్కడి బేకరీలో ఖారా బన్నులు తెస్తాను, చురుమురి నువ్వు కలుపు, పచ్చిమిర్చి తగ్గించి. అంతదాకా గొర్రెల్ని చూసుకోండి. పుష్పక విమానం నేను లేకుండా పెట్టావంటే మాత్రం బన్నులు వెనక్కి పట్టుకుపోతాను.

ఇట్లు,
మీ పెదనాన్న
మల్లేశ్వరం, బెంగళూరు