ఎదురుగాలి ఉన్న రోజు పాత టైమింగ్ చూసుకోవద్దు

ప్రశ్న: సార్, నమస్తే. అల్లిపురంలో మాకు శుభలేఖల ప్రెస్ ఉంది. 1994లో నాన్నగారు పెట్టారు. ఆయనకు మోకాళ్లు పట్టేయడంతో నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఒకప్పుడు ఒక్కో పెళ్లికి 500, 800 కార్డులు వేసేవాళ్లం. ఇప్పుడు వందే వేయించుకుని మిగతా అందరికీ వాట్సాప్‌లో పంపేస్తున్నారు. డిజిటల్ ప్రింటింగ్ మిషన్ కొనేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. 18 లక్షలు. బ్యాంకువాళ్లు లోన్ ఇస్తామన్నారు. నాన్నగారేమో ఉన్నది ఉన్నట్టు నడపమంటారు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. మీరు కలర్ ల్యాబ్ నడిపారు, మారథాన్లు పరిగెత్తుతారు. వ్యాపారం మారేటప్పుడు ఆ పరుగు మీకేమైనా నేర్పిందా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: నేర్పిందమ్మా. కాకపోతే ఆలస్యంగా నేర్పింది. ల్యాబ్ దెబ్బతిన్నాకే నేను బీచ్ రోడ్డెక్కాను.

డాబా గార్డెన్స్‌లో నా ల్యాబ్ బాగా నడిచే రోజుల్లో జనం రీలు కడగడానికి ఇచ్చేవారు. రీలుకి 36 ఫొటోలు. బాగున్నవీ బాగాలేనివీ అన్నీ ప్రింటయ్యేవి. డిజిటల్ కెమెరాలు వచ్చేసరికి కంగారుపడి 2005లో అప్పు చేసి పెద్ద మిషన్ దింపాను. మిషన్‌లో లోపమేమీ లేదు. మారింది మనుషుల అలవాటని నేను గమనించలేదు. 300 ఫొటోలు తీసుకుని, కంప్యూటర్‌లో చూసుకుని, 20 మాత్రం ప్రింట్ వేయమనేవారు. నేను పాత లెక్కన కిస్తీలు కట్టుకుంటూ పోయాను. అయిదేళ్లు నిద్ర లేదు. చివరికి నన్ను నిలబెట్టింది పెళ్లి ఫొటోల్ని డిజైన్ చేసి పుస్తకంలా కట్టే కరిజ్మా ఆల్బమ్‌లు. ఆ పని మొదట్లో నేను చిల్లర పనిగా చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇక పరుగు సంగతి. 46 ఏళ్ల వయసులో మొదటి హాఫ్ మారథాన్‌కి దిగాను. 21 కిలోమీటర్లు. ఆర్కే బీచ్ దగ్గర చుట్టూ కుర్రాళ్లు, చప్పట్లు. వాళ్ల వేగంతోనే వెళ్లిపోయాను. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు కూడా తెలియలేదు. రుషికొండ వైపు తిరిగాక ఈశాన్యం నుంచి ఎదురుగాలి మొదలైంది. చేతికున్న గడియారం చూస్తే వేగం పడిపోతోంది. ఇంట్లో అనుకున్న టైమింగ్ కోసం ఇంకా గట్టిగా పరిగెత్తాను. తిరుగు దారిలో సాగర్‌నగర్ దగ్గర తొడలు రాళ్లయిపోయాయి. రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని, ఉప్పు కట్టిన చొక్కా పిండుకుంటుంటే మిషన్ గుర్తొచ్చింది. రెండుసార్లూ ఒకటే తప్పు చేశానమ్మా. పరిస్థితి మారినా పాత అంకె వదల్లేదు.

ఒంట్లో ఏం జరుగుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే శక్తి కోసం ఒళ్లు దాచుకునే చక్కెర, మామూలుగా 30 కిలోమీటర్ల చుట్టుపక్కలకి సరిపోతుంది. మారథాన్ 42.195 కిలోమీటర్లు. ముందే వేగంగా వెళ్తే నిల్వ ముందే ఖర్చవుతుంది. కొవ్వు ఎంత ఉన్నా అది అంత తొందరగా శక్తినివ్వదు. మీ చేతిలో ఉన్న రొక్కం ఆ గ్లైకోజెన్. మొదటి కిస్తీలకే అది అయిపోతే రెండో సీజన్ చూడలేరు.

మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. అమెరికా రన్నర్ డెసిరే లిండెన్. 2011 బోస్టన్ మారథాన్‌ని ఆవిడ 2 గంటల 22 నిమిషాల 38 సెకన్లలో పూర్తి చేసి రెండో స్థానంలో వచ్చింది. 2018లో అదే బోస్టన్‌లో కుండపోత వాన, ఒళ్లు కొరికే చలి, ఎదురుగాలి. పేరున్న రన్నర్లు ఎందరో మధ్యలోనే ఆగిపోయారు. లిండెన్ కూడా మొదట్లోనే మానేద్దామనుకుంది. ఎలాగూ మానేస్తున్నాను కదా, నీకు సాయం కావాలంటే చెప్పమని తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌తో అంది. ఫ్లానగన్ టాయిలెట్‌కి ఆగితే, లిండెన్ వేగం తగ్గించి ఆమె కోసం చూసింది. ఇద్దరూ కలిసి ముందున్న గుంపుని అందుకున్నారు. చివరికి లిండెన్ గెలిచింది. టైమింగ్ 2:39:54. రెండో స్థానం తెచ్చిన పరుగు కన్నా 17 నిమిషాలు నెమ్మది! ఆ రోజు వాతావరణానికి ఆ పరుగే సరిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ దగ్గర 500 కార్డులు అనే అంకె నాన్నగారి 2:22. దాన్ని గౌరవంగా గోడకి తగిలించండి. ఇప్పుడు ఆ వంద సంగతి చూడాలి.

ఆ వంద ఎవరికి వెళ్తున్నాయి? పసుపు రాసిన మొదటి కార్డు సింహాచలం అప్పన్న దగ్గరో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరో పెడతారు. మిగిలినవి మేనమామకీ, వియ్యాలవారికీ, బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లకీ. వాట్సాప్‌లో వెళ్లేది సమాచారం, చేతిలో పెట్టేది మర్యాద. మర్యాద కోసం ఇచ్చే కార్డుకి మంచి కాగితం, బంగారంలా మెరిసే ఫాయిల్ అక్షరాలు, అచ్చుతప్పులు లేని గోత్రనామాలు అడుగుతారు. అందుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా వెనకాడరు. ఆ డిజైన్‌తోనే వాట్సాప్ బొమ్మ కూడా మీరే చేసి, రెంటికీ కలిపి ఒక ధర చెప్పండి. ఆ పని ఇప్పుడు పెళ్లివారి ఇంట్లో ఏ కుర్రాడో ఫోన్‌లో చేస్తున్నాడు.

మిషన్ ఇప్పుడే కొనకండి. తక్కువ కాపీల డిజిటల్ పనులు తెలిసిన ప్రెస్‌లో జాబ్ వర్క్‌గా చేయించండి. లాభం కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. వాళ్లకి ఫాయిల్ పని వస్తే మీకు పంపమనండి. ఎన్ని కాపీలు, ఎంత బిల్లు, ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో తమ్ముడి చేతే రాయించండి. రెండు పెళ్లి సీజన్లు చూశాక, బయటికిచ్చే పని మీదే కిస్తీ కట్టగలిగేంత మిగులు కనిపిస్తే అప్పుడు తమ్ముడి మాట సరైనదే. అతను తొందరపడుతున్నాడు గానీ వెళ్లాల్సిన దిక్కు అతనికి బాగానే తెలుసు. ఆ మాట నాన్నగారి ఎదుట చెప్పండి.

మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగే రోజుల్ని మాత్రం ఖాళీగా పోనివ్వకండి. కొత్తగా ఎండలో పరిగెత్తేవాళ్లకి ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. రోజూ కాసేపు, నెమ్మదిగా తిరిగితే రక్తంలో ప్లాస్మా అనే ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టి ఒళ్లు చల్లబడుతుంది. పోటీ రోజున ఎండలోకి దిగి నేర్చుకుందామంటే కుదరదు. మీ డీటీపీ ఆపరేటర్ చేత వీడియో శుభలేఖలు ఆ రోజుల్లోనే, రోజుకో గంట, చేయించండి. మొదట్లో బాగా రావు. చేయనివ్వండి.

నాన్నగారికి ఒక పని అప్పజెప్పండి. శుభలేఖ ప్రూఫులు ఆయనే దిద్దాలి. కుర్చీలో కూర్చుని చేసే పనే, ఆయనలా చూసేవాళ్లు మీకు దొరకరు.

రెండు సీజన్లూ అయ్యాక ఆ నోట్‌బుక్‌లోని అంకెలతో మళ్లీ రాయండి. మిషన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.