చెస్ వచ్చినవాళ్ళు చెస్ బాక్సింగ్‌లోకి రావచ్చా?

చెస్ బాగా వచ్చు, గ్లౌజులు ఎప్పుడూ తొడగలేదు, ఒంగోలులో ఉంటూ చెస్ బాక్సింగ్ నేర్చుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా నేర్చుకోవచ్చండి. నేను నెల్లూరులో పొద్దున బాక్సింగ్, సాయంత్రం చెస్ సాధన చేస్తుంటాను.

ముందు ఆట పద్ధతి తెలుసుకోండి: ఇద్దరే ఆటగాళ్ళు, ఒక రౌండ్ చెస్, ఒక రౌండ్ బాక్సింగ్, ఇలా మార్చి మార్చి ఆడతారు. 2003లో ఈప్ రూబింగ్ అనే డచ్ కళాకారుడు దీన్ని రింగ్‌లోకి తెచ్చాడు. పూర్తి బౌట్‌లో (ఒక పోటీలో) 11 రౌండ్లు: 6 చెస్, 5 బాక్సింగ్, చెస్‌తో మొదలై చెస్‌తోనే ముగుస్తుంది. రౌండ్‌కి ఎక్కువగా 3 నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. అంటే చెస్‌కి మొత్తం 18 నిమిషాలు, మనిషికి 9. చెక్‌మేట్ అయినా, నాకౌట్ అయినా, గడియారంలో టైమ్ అయిపోయినా ఆట ముగిసినట్టే. బోర్డు మీద ఓడిపోతున్నవాడు ఎత్తు వేయకుండా సాగదీసి, తర్వాతి బాక్సింగ్ రౌండ్‌లో మనల్ని పడగొట్టాలని చూస్తాడు, మరీ సాగదీస్తే రిఫరీ హెచ్చరిస్తాడనుకోండి. కాబట్టి చెస్‌లో మీరెంత గట్టివారైనా ఆ దెబ్బల్ని కాచుకుని నిలబడాలి.

అసలు కష్టం మాత్రం దెబ్బల్లో లేదు. రింగ్ నుంచి వచ్చి బోర్డు ముందు కూర్చున్నప్పుడు గుండె దడదడలాడుతుంటుంది, చెమట కళ్ళలోకి కారుతుంటుంది, మన దాడి తప్ప ఎదుటివాడి శకటు (బిషప్) ఎటు గురిపెట్టిందో కనిపించదు. ఆ నిమిషం విరామంలో నేను ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదులుతాను, కూర్చోగానే ముందు ఎదుటివాడి చివరి ఎత్తు దేనికోసమో చూసి ఆ తర్వాతే నా ఎత్తు ఆలోచిస్తాను. ఇది ఒక్కటి అలవాటైతే సగం టెన్షన్ పోతుంది. ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస) కూడా లండన్, కారో కాన్ లాంటివి చాలు, ఎక్కువ ఆలోచించకుండా చేతికి వచ్చేవి.

ఇంట్లోనే మొదలుపెట్టండి: 3 నిమిషాలు స్కిప్పింగ్, 3 నిమిషాలు చెస్, మళ్ళీ స్కిప్పింగ్, ఆగిన చోటి నుంచి అదే గేమ్. మన ఎండలు తెలుసుగా, వేసవిలో తెల్లవారకముందే కానిచ్చేయండి. ఫుట్‌వర్క్ (అడుగుల కదలిక), గార్డ్ (చేతులతో కాచుకోవడం) కుదిరి కోచ్ సరేననే దాకా స్పారింగ్ (ఎదుటివాడితో నిజంగా గుద్దులాడే సాధన) జోలికి పోవద్దు. తలకి దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మితే ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి, ఈ విషయంలో మొహమాటం అసలు వద్దు.

పోటీల దాకా వెళ్ళాలనుంటే కోల్‌కతాలో మన దేశపు చెస్ బాక్సింగ్ సంఘం ఉంది. జోడీ దొరక్కపోతే చెప్పండి, ఒంగోలు నుంచి నెల్లూరు ఎంతసేపు, ఏ ఆదివారమో రైలెక్కి రండి, కలిసి సాధన చేద్దాం.