క్యాన్సర్ చికిత్స మధ్యలో పాలసీ ఆపేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది నరసన్నపేట. చిన్న బట్టల షాపు. నాకు 56, మా ఆవిడకి 51. ఇద్దరు పిల్లలతో కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) చాలా ఏళ్లుగా కడుతున్నాం. కిందటేడు ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇంకా ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇప్పుడు రెన్యువల్ నోటీసులో ప్రీమియం 29 వేల నుంచి 43 వేలకి పెరిగింది. "నా రోగం వల్లే పెరిగింది, ఈ ఏడాదికి ఆపేయండి, పండగ వ్యాపారం అయ్యాక చూద్దాం" అంటోంది ఆవిడ. మా ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటుతుంది కాబట్టి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వైద్య సేవ కార్డు రాలేదు. ఏజెంటేమో వేరే కంపెనీకి మారమంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ ఆవిడ మనసులో ఉన్న ఆ మాట తీసేద్దాం. ఒక మనిషి క్లెయిమ్ చేసుకున్నాడని ఆ మనిషి రెన్యువల్ ప్రీమియం పెంచకూడదు, రెన్యువల్ నిరాకరించనూ కూడదు. అది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఫ్లోటర్‌లో ప్రీమియం సాధారణంగా ఇంట్లో అందరికంటే పెద్దవారి వయసును బట్టి లెక్కకడతారు. చాలా కంపెనీల పట్టికలో 55 దాటగానే రేటు మారుతుంది. మీకు 56 అంటున్నారు. కాబట్టి పెరుగుదలకి కారణం మీ వయసు అయి ఉండాలి, లేదా కంపెనీ అందరికీ రేట్లు సవరించి ఉండాలి. కారణం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ పెట్టండి. జవాబు వచ్చాక ఆవిడకే చదివి వినిపించండి. చికిత్సలో ఉన్న మనిషి ఇంటి ఖర్చుకి తనే కారణమని కుమిలిపోవడం నాకు భరించరాని విషయం.

ఇక ఆపేయడం సంగతి. వద్దు. విజయనగరంలో క్లెయిమ్స్ సెక్షన్లో పనిచేసిన రోజుల్లో చీపురుపల్లి నుంచి ఒక టిఫిన్ సెంటర్ ఆవిడ వచ్చేది. ప్లాస్టిక్ కవర్లో కీమో బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఒక్క కాగితం నలగకుండా తెచ్చింది. అన్నీ ఉన్నాయి, పాలసీ మాత్రం లేదు. గడువు తేదీ తర్వాత ఇచ్చే 30 రోజుల గ్రేస్ కూడా దాటిపోయింది. క్యాన్సర్ బయటపడ్డాక కొత్త పాలసీ ఇచ్చే కంపెనీ దొరకడం ఎంత కష్టమో ఆవిడ తిరిగిన ఆఫీసులన్నీ చెప్పాయి. మీరు పండగ దాకా ఆగితే అదే గతి. ఒకవేళ గ్రేస్‌లో కట్టినా, ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీకి ఆ మధ్య రోజుల్లో అయిన ఖర్చు రాదు. ఆ రోజుల్లోనే ఒక ఇంజెక్షన్ ఉంటే?

43 వేలు ఒకేసారి కష్టమైతే నెలవారీగానో మూడు నెలలకోసారో కట్టే వీలుందేమో అడగండి. నోటీసులో జీఎస్టీ ఉందేమో కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఆరోగ్య బీమాపై అది సున్నా. తర్వాత ఫ్లోటర్‌ని విడదీసి, మీకు వేరుగా, ఆవిడకి వేరుగా ఇస్తే ఎంతవుతుందో అదే కంపెనీని కొటేషన్ అడగండి. సంపాదించే పిల్లలుంటే వాళ్లకి విడిగా తీసుకోవచ్చు. కానీ ఆవిడ పేరు మీద బీమా మొత్తం మాత్రం తగ్గించకండి. కో-పే పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుందని ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి, ప్రతి ఇంజెక్షన్ బిల్లులోనూ మీ వాటా పడుతుంది.

ఏజెంటు చెప్పిన పోర్టింగ్, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం, మీ హక్కే. అయితే క్యాన్సర్ ఉన్న మనిషిని కొత్త కంపెనీ తీసుకోవాలన్న నిర్బంధం లేదు. తీసుకుంటున్నామని కాగితం చేతికి రాకుండా పాతది వదిలారంటే రెండు కంపెనీలూ చేతులెత్తేస్తాయి.

పాలసీలో గది అద్దె పరిమితి కూడా ఒకసారి చూసుకోండి. రోజుకి 4 వేలు అని ఉండి, మీరు 8 వేల గదిలో చేరితే గది అద్దెతో పాటు డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీల్లోనూ సగం కోసేయగలరు. మందులకీ పరీక్షలకీ ఆ కోత వర్తించకూడదు. అయినా కోస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

బీమా చాలని రోజు వస్తే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చికిత్స కోసం రైల్లో వెళ్తే ఆసుపత్రి ఇచ్చే ఫారంతో రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆముదాలవలస నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక పూర్తి ఛార్జీ కడుతున్నారు.

రెన్యువల్ తేదీకి ముందే కట్టేయండి. కొటేషన్లు వచ్చాక కాపీలు పంపితే లెక్క నేను చూస్తాను.